మలుపు అద్దం తుడిచిన సంగతి

నా పేరు సుంకవ్వ. నా భర్త దుర్గప్ప చనిపోయి తొమ్మిదేళ్లయింది. నా వయసు యాభై ఒకటి అని ఆధార్ కార్డులో ఉంది. రాయచూరు తాలూకా తుమ్మలదిన్ని గ్రామ పంచాయతీలో పన్నెండేళ్లుగా ఊడ్చే పని చేస్తున్నాను. చదువు రాదు. కన్నడం మాట్లాడతాను గాని ఈ సంగతి తెలుగులోనే సరిగ్గా చెప్పగలనని అంటే, ఠాణా రైటర్ పరశురామ్ గారు వింటూ రాశారు. 6-10-2025 సోమవారం ఉదయం పదకొండు గంటలకు నా అంతట నేనే ఠాణాకు వచ్చాను.

మా ఊరి పాఠశాల దగ్గర రోడ్డు మలుపు తిరుగుతుంది. గోడ అడ్డం కాబట్టి ఎదుటి బండి కనబడదు. పోయిన ఏడాది అక్కడ ఇద్దరు చనిపోయారు. అందుకని పంచాయతీవారు సభ పెట్టి, ఈ ఆగస్టులో బండ్లు నెమ్మది కావాలని రోడ్డుకు అడ్డంగా రెండు హంపులు వేయించి, స్తంభం మీద ఒక గుండ్రని అద్దం పెట్టించారు. మలుపు అవతల వచ్చే బండి అందులో ముందే కనబడుతుంది. అది పెట్టాక మొన్నటి దాకా అక్కడ ఎవరికీ దెబ్బ తగల్లేదు.

అద్దం తుడిచే పని నాకు అప్పగించారు. మంగళవారం, శనివారం నిచ్చెన వేసుకుని తుడిచేదాన్ని. తుడవని రోజు కూడా కింద నిలబడి చూసేదాన్ని.

1-10-2025 బుధవారం ఆయుధ పూజ. మా పంచాయతీ అధికారి పీడీఓ గారు నాతో, "సుంకవ్వా, పనిముట్లన్నిటికి పూజ చెయ్యి, ఒక్కటి గూడ మర్వొద్దు" అన్నారు. చీపురుకు, తోపుడు బండికి, నీళ్ల ట్యాంకర్‌కు చేశాను. అద్దం కూడా నా పనిముట్టే. సాయంత్రం నాలుగు గంటలకు నిచ్చెన ఎక్కి, తడి విభూతితో మూడు వేళ్ల పట్టీలు తీసి, నడుమ కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాను. ఊళ్లో చాలామంది చూశారు. బాగుందనే అన్నారు. మలుపులో వచ్చే బండి కనబడేది అద్దం నడుమలోనే. అది నాకు తెలుసు. అయినా బొట్టు నడుమ కాక ఇంకెక్కడ పెడతారు.

మర్నాడు గురువారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు నేను పాఠశాల గేటు దగ్గర ఊడుస్తున్నాను. గబ్బూరు ఊరి అమరప్ప ఇటుకల ట్రాక్టర్ తోలుకుంటూ వచ్చాడు. హంపు దగ్గర నెమ్మది చేసి, తల ఎత్తి అద్దంలోకి చూశాడు. ఇది నేను కళ్లారా చూశాను. చూసి మలుపు తిప్పాడు. అవతలి నుంచి మా ఊరి మౌనేశ్ పాల క్యాన్లతో బైక్ మీద వచ్చి ట్రాక్టర్ ముందు చక్రానికి గుద్దుకున్నాడు. కుడి కాలు విరిగింది. పాలు రోడ్డంతా పారాయి.

ఏడున్నరకు ఆంబులెన్స్ వచ్చింది. అందరూ మౌనేశ్ చుట్టూ ఉన్నారు. కొందరు అమరప్పను పట్టుకుని పాఠశాల అరుగు మీదికి తీసుకుపోయారు. అప్పుడు నేను నిచ్చెన వేసుకుని దండ తీసేశాను. నీళ్ల సీసా వంచి నా చీర కొంగుతో అద్దం తుడిచాను. నాకు ఎవరూ చెప్పలేదు. నాకు భయం వేసింది, తుడిచాను. ఎప్పుడూ బట్టతో తుడిచేదాని కంటే శుభ్రంగా తుడిచాను.

తొమ్మిదింబావుకు పోలీసువారు వచ్చి పంచనామా చేశారు, ఫోటోలు తీశారు. అమరప్ప వాళ్లతో, "సార్, అద్దంల బండి కనబడలే. విభూతి పట్టీలు ఉండె" అన్నాడు. ఒక కానిస్టేబుల్ అతణ్ణి చెయ్యి పట్టుకుని స్తంభం కిందికి తెచ్చి, "యాడుందిరా విభూతి? సూపియ్యి" అన్నాడు. అమరప్ప తల ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. ఆ తర్వాత అద్దం మాట ఎత్తలేదు. నేను పది అడుగుల దూరంలో చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా కొంగు ఇంకా తడిగానే ఉంది. పూజ చూసినవాళ్లు కూడా అక్కడ ఉన్నారు. మౌనేశ్ మా ఊరివాడు, అమరప్ప కాదు. ఎవరూ నోరు తెరవలేదు.

అమరప్ప మీద కేసు పెట్టారు. జామీను మీద ఇంటికి పోయాడు. నిన్న ఆదివారం అతని భార్య అయ్యమ్మ మా ఊరికొచ్చి పాఠశాల ముందు నిలబడి నన్ను అడిగింది. "అక్కా, నువ్వు ఆడనే ఉంటివంట గద. మా ఆయన, 'నా కండ్లు ఖరాబైనయి, లేనియి కనబడ్తున్నయి' అంటుండు. ఇంక బండి ముట్టనంటుండు. నాలుగు దినాలాయె, కూలికి గూడ పోతలేడు. ఏమైంది అక్కా ఆ దినం?" అంది. నేను ఊడ్చేది ఉందని చెప్పి గేటు లోపలికి పోయాను.

పూజ చేసినందుకు పశ్చాత్తాపం ఉందా అని ఎస్సై సాహెబ్ అడిగారు. పూజ తప్పని చెప్పను. బొట్టు స్తంభానికి పెట్టి ఉండాల్సింది, అది నాకు తోచలేదు. తుడవడం మాత్రం తప్పు. తుడిచి ఊరుకోవడం ఇంకా పెద్ద తప్పు. ఇది చెబితే పని పోతుందని తెలుసా అని అడిగారు. తెలుసన్నాను.

పైన రాసింది రెండుసార్లు చదివించుకుని విన్నాను, నేను చెప్పినదే ఉంది. ఇలా చెప్పమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. చెప్పొద్దని మాత్రం ఇద్దరన్నారు, ఒకరు పంచాయతీ ఆఫీసులో, ఒకరు మా ఇంట్లో.

వేలిముద్ర వేయక ముందు ఒక మాట చేర్చమన్నాను. ఈ కాగితం గబ్బూరులో అమరప్పకు చదివి వినిపించాలి. అద్దం మీద విభూతి ఉండింది. అతని కళ్లు బాగానే ఉన్నాయి.

(సుంకవ్వ ఎడమ బొటనవేలి ముద్ర)