ఎండీ గారి కుర్చీ

ఆ మిషన్ కాస్త ఆపవే చెల్లాయ్, నీకు పుణ్యముంటుంది. అన్నయ్య వస్తే మంచినీళ్లయినా ఇవ్వకుండా ఆ స్కూలు చొక్కాలు కుట్టుకుంటూ కూర్చుంటావేంటి? నేనేమైనా దారినపోయేవాణ్ణా?

సరే, ఆపకు. నేనే గొంతు పెంచుతాను. మైకు లేకుండా మైదానాలు దద్దరిల్లేలా మాట్లాడినవాణ్ణి, నీ కుట్టుమిషన్ ఓ లెక్కా!

పేపర్ చూశావన్నమాట. అలా గుడ్డల కింద తోసేస్తే మాత్రం ఫొటో పోతుందా? మన కంపెనీ ఆఫీసు ప్రారంభం రోజున నిన్ను ఎండీ కుర్చీలో కూర్చోబెట్టి తీయించిందే అది. దండ బరువుకి తల వంచేశావు. ఎంత నవ్వుకున్నాం! మళ్లీ ఆ ఆఫీసు గడప తొక్కావా నువ్వు?

మరేం చెయ్యమంటావు? అప్పుడు నేను రోడ్ల మంత్రిని. నా పేరున కంపెనీ పెట్టి, నా శాఖ పనులు నేనే ఇచ్చుకుంటే ఊరుకుంటారా? మీ వదిన పేరు పెడితే మర్నాటి నుంచే పెత్తనం మొదలెడుతుంది. నువ్వైతే నోట్లో నాలుక లేనిదానివి. వేలు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టావు. ఇదేంటన్నయ్యా అని ఒక్కసారి అడగొద్దూ?

బావ పోయాక ఈ ఇల్లు ఎవరిచ్చారు? దెప్పుతున్నానని కాదు. అంటున్నానంతే.

ఎన్నికల్లో ఓడిపోయాక పలకరించే నాథుడు లేడు. ఆ కంపెనీయే నిలబెట్టింది. సిమెంటు ఎక్కడ తగ్గించొచ్చో, ఏ ఇంజనీరు నోరు ఎలా మూయించాలో మంత్రిగా నేర్చుకున్నదంతా వ్యాపారంలో పనికొచ్చింది. అందరూ చేసేదేగా!

మన కంపెనీ కట్టిన బస్టాండు కప్పు కూలి అంతమంది పోతారని నేను కలగన్నానా? వెళ్లి చూశానే. ఎవరిదో కూరగాయల సంచీ, చెక్కుచెదరలేదు. సంచీ పట్టుకొచ్చిన మనిషే లేదు. అప్పట్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు, తెలుసా?

అలా చూడకు. నేను బయట ఉంటేనే కదా నిన్ను బయటికి తెచ్చేది! ఇద్దరం లోపలుంటే లాయర్ల చుట్టూ ఎవరు తిరుగుతారు? నువ్వు ఏమీ తెలియదని ఏడిస్తే జడ్జి జాలిపడతాడు. నన్ను చూస్తే ఎవడికే జాలి?

నీ కూతుర్ని మీ వదిన చూసుకుంటుంది. పొద్దున్నే అనుకున్నాం.

ఏంటి, కిటికీలోంచి అలా చూస్తున్నావ్? అవును, పోలీసు జీపే. నాతోనే వచ్చింది. స్టేషన్లో నేనే చెప్పాను... కంపెనీ అంతా మా చెల్లెలే చూసుకుంటుంది, నాకేమీ తెలియదని.

వాళ్లు లోపలికొస్తామన్నారు. నేనే వద్దన్నాను. చిన్నప్పట్నుంచీ ఖాకీ చొక్కా చూస్తే దానికి భయం, నేనే నెమ్మదిగా నచ్చజెప్పి తీసుకొస్తానన్నాను.

అన్నయ్యనన్నాక ఆ మాత్రం చెయ్యనా? లే తల్లీ. చెయ్యివ్వు.