గళ్ళ దుప్పటి

హెస్టర్‌ని మట్టిచేసిన మర్నాడు, ఆస్ట్రేలియాలోని బల్లరాట్‌లో, ఫోటోలు తీసే ఆమె మొగుడూ, అతని అక్కా ఫోటోల పెట్టె విప్పారు.

"గోడకి పెట్టాలి, మీ ఆవిడ ఫోటో ఒకటియ్యరా."

"లేదక్కా."

"అదేంట్రా! కుక్కకి కూడా తీశావుగా?"

"ఫోటో పడేదాకా కాసేపు కదలకూడదు. కుక్క, చెప్తే కదలదు. చంటిది ఆగదుగా? అందుకని హెస్టర్ దుప్పటి ముసుగేసుకుని దాన్ని ఒళ్ళో పట్టుకునేది."

"అయితే, ఈ ఫోటోలో చంటిదాని వెనక గళ్ళ దుప్పటి కప్పింది కుర్చీకి కాదూ?"

"కాదు. హెస్టరే."

"ఒక్కసారైనా ముసుగు తియ్యమనలేదూ? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

"తన ఫోటో తర్వాత తీద్దాంలే అనుకున్నా." అతను తలెత్తలేదు.

"రేపు పిల్ల 'అమ్మ ఏది?' అంటే ఏం చూపిస్తావురా?"

"పొద్దున ఇదే చూపించా. దుప్పటి మీద వేలు పెట్టి 'అమ్మ' అంది."