బియ్యం డ్రమ్ముల దాచిన వాచీ

"నాయనమ్మా, నేను కొనిచ్చిన వాచీ ఏది? చేతికి లేదేంది? పెట్టుకోనంటే చెప్పు, వాపస్ ఇచ్చేస్త. రేపటి దాకనే టైముంది."

ఏడికి పోతది బిడ్డా, భద్రంగనే ఉంది. బియ్యం డ్రమ్ముల పెట్టిన. నవ్వకు. ఆడికి ఎలుక రాదు, చెమ్మ తగలదు. నన్నడగకుండ మీ అమ్మ కూడా ఆ మూత తియ్యది.

నలభై వేలంటివి. ఖమ్మంల ఆ ల్యాబుల పొద్దంతా నిలబడి, సూదికి భయపడేటోళ్లతోని తిట్లు తిని సంపాదించిన పైసలాయె. మీ నాయిన ఏమన్నడో తెలుసా, "గా పైసలకు పాడి బర్రె వస్తుండెనే అమ్మా" అన్నడు. అవ్ అన్న నేను కూడా. నేను కింద పడితే ఆ వాచే నీకు ఫోన్ చేస్తదట. పడితే నేనే కేకేస్త, పక్కింటోళ్లు ఉరికొస్తరు, దానికి నలభై వేలెందుకు? మళ్ళ దానికి రోజూ కరెంటు పెట్టాలె. చంటిపిల్లకు పాలు తాపినట్టు.

గట్ల మొకం మాడ్చుకోకు. ఇటు కూసో. మీ తాత వాచీ ముచ్చట చెప్పిన్నా నీకు? చెప్పలే. ఎవ్వరికీ చెప్పలే, తప్పు నాదే గద.

మీ తాత బళ్ళె గంట కొట్టేటోడు, నీకెరుకే. గంటంటే గంట కాదు, రైలు పట్టా ముక్క, వేపకొమ్మకు వేలాడదీసేటోళ్లు. బళ్ళె గోడ గడియారం లేకపాయె. వాచీ ఒక్క పెద్దసారుకే ఉండె. గంట గంటకు మీ తాత పోయి ఆయన ముంగల చేతులు కట్టుకొని నిలబడాలె, "సారూ, టైమెంతయింది" అని. ఆ సారు మంచోడైతే మంచిగుండు. కావాలని పేపర్ సదువుకుంట కూసునేటోడు, తల ఎత్తకపోయేది. నేనొకనాడు సద్ది ఇయ్యనీకి పోయి చూసిన. బిచ్చమడిగినట్టు నిలబడ్డడు బిడ్డా. 

గప్పుడే అనుకున్న, ఈయనకు వాచీ కొనాలని. ఎండాకాలం బీడీల తునికాకు కోయనీకి పోతుంటి గద. మా తోడికోడలు, నేను, ఇంకా... ఎవరు, ఆ, మా ఆడబిడ్డ కూడా వచ్చేది, ఆమె నోరు ఊరుకోకపోయేది, ఆమె ముచ్చట మళ్ళ చెప్త. కోడి కూయంగ అడవికి పోవుడు, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి యాభై ఆకులకొక కట్ట కట్టి ఆకు కొనే కల్లానికి మోసుడు. కట్టకు పైసలే ఇచ్చేటోళ్లు, రూపాయి ముచ్చటే లేదు. రెండెండాకాలాల ఆకు పైసలు పక్కకు పెట్టిన. చీర కొనలే, ఏమీ కొనలే.

మా తోడికోడలిని తోడు తీసుకొని కొత్తగూడెం బస్సెక్కి వాచీల దుకాణానికి పోయిన. కీ ఇచ్చేటియి అగ్గువకు ఉన్నయి. దానికి మూడింతలు ధర చెప్పిండు ఇంకోటి. "దీనికి కీ ఇచ్చే పనిలేదమ్మా, చేతికుంటే దానంతటదే నడుస్తది" అన్నడు. మా తోడికోడలు కొంగు గుంజింది, అగ్గువది తీసుకో, టైము రెంట్లనూ ఒక్కటే గదా అని. నేను ఇనలే. పెద్దసారు వాచీ కంటె మంచిది కావాలె నాకు. గంతే.

ఇంటికొచ్చి మీ తాతకు ఏం చెప్పిన్నంటే, "దానంతటదే నడుస్తదట" అన్న. చేతికుంటే అన్న మాట మింగేసిన. ఎందుకు మింగిన్నో నాకే తెల్వది. సంబురంల మర్సిపోయిన్నేమో.

ఆయన ఒక్కనాడు పెట్టుకపోయిండు. వచ్చి గుడ్డల చుట్టి పెట్టెల పెట్టిండు, అంతే. మూడేండ్లు బిడ్డా. మూడేండ్లు అది పెట్టెలనే ఉంది, ఆయన మళ్ళ పోయి ఆ సారు ముంగలనే నిలబడ్డడు. నాకెంత కోపముండాలె? ఆడదాని కష్టంతోని కొన్న వాచీ, అందుకే నామోషీ అనుకున్న. అన్నం పెడుతుంటి గని ముచ్చట పెట్టకపోతుంటి. ఆయన కూడా నోరు తెరిచెటోడు కాదు.

ఒకనాడు పట్టలేక అడిగేసిన. నా కష్టం నీ చేతికి బరువైందా అని. అప్పుడు ఆయన పెట్టె తీసి, ఆ గుడ్డ మూట నా ఒళ్ళె పెట్టి, తల దించుకున్నడు. "నేను పాడు చేసిన. గంట కొట్టిన అదురుకు ఆగిపోయింది. భద్రంగుండాలని పెట్టెల పెట్టి, మూడో దినం తీసి చూస్తే నడుస్తలేదు. రెండెండాకాలాల ఆకు, నీకెట్ల చెప్పాలె" అన్నడు. ఏడ్చిండు బిడ్డా మీ తాత. నేను చూసింది ఆ ఒక్కసారే.

తెల్లారి ఇద్దరం కొత్తగూడెం పోయినం. దుకాణంల మూట విప్పినమా, అది టిక్కు టిక్కుమంటుంది. బస్సు కుదుపులకే లేచి కూసుంది. దుకాణమాయన నవ్విండు. "దీనికి చెయ్యి కదులుడే తిండి, పెట్టెల పెడితే ఆగదా? కొన్ననాడే చెప్తం గద మేము" అన్నడు. "నేను గంట కొట్టే మనిషిని సారూ, అదురుతది" అన్నడు మీ తాత. "ఎడమ చేతికి పెట్టుకొని కుడి చేత్తోని కొట్టుకో" అన్నడు ఆయన.

నేను తల ఎత్తలే. మూడేండ్ల కోపం, నేను మింగిన ఒక్క మాటకు. మీ తాత ఒక్క మాటనలే నన్ను. బస్టాండుల చాయ్ తాగిపిచ్చిండు, నాకో బన్ను కొనిచ్చిండు.

ఆనాటి సంది తియ్యలే బిడ్డా. బళ్ళె, పొలంల, బురదల. పెద్దసారును అడుగుడు బందైంది. ఆఖరికి ఆ సారే "టైమెంతనయ్యా" అని ఈయనను అడిగేటోడు. అద్దం మీద గీతలు పడి పడి, లోపల ముల్లు కనపడక కన్ను దగ్గర పెట్టుకొని చూసెటోడు. కొత్త అద్దం ఏపిస్త అంటె వద్దన్న నేనే. ఆ గీతలు చూస్తె నాకు కడుపు నిండేది. పెట్టుకున్నడు గద, అందుకు.

మరి నేనేం చేసిన? నీ వాచీ తీసి బియ్యంల పూడ్చిపెట్టిన. ఆయనంటే పాడు చేసిన్నని భయపడ్డడు. నేను ముట్టకముందే భయపడ్డ. నువ్వేమో ముసల్దానికి నచ్చలేదని మొకం చిన్నగ చేసుకున్నవు... గట్లనే అనుకున్నవు గదా? అనుకుంటవు. నేనూ అనుకున్న.

బర్రెనా? బర్రె నా చెయ్యి పట్టుకొని తిరుగుతదా? మీ నాయినకు నేను చెప్త తీయ్.

పో, డ్రమ్ముల చెయ్యి పెట్టి తియ్యి. లోపలికుంది, మోచేతి దాక పెట్టాలె. బియ్యం దులుపు. ఎడమ చేతికి పెట్టు... గట్టిగ బిగించకు. ఆ కరెంటు పెట్టుడు ఎట్లనో అంతా చెప్పు నాకు, సగం చెప్పకు.

మిరపకాయ తొడిమలు తియ్యనీకి పోయినా తియ్య దీన్ని. మళ్ళొచ్చినప్పుడు అద్దం మీద గీతలు చూసుకో తల్లీ. ఎన్ని గీతలుంటె అన్నేండ్లు నువ్వు సల్లగుండాలె...