కింది బస్తాలు

బాన్సువాడ దవాఖాన వరండాలో ఇద్దరు కూర్చున్నారు. ఒకరు రైస్‌మిల్లు సూపర్‌వైజరు, మరొకరు ధాన్యం బస్తాలు మీదపడి నడుము విరిగిన హమాలీ భార్య.

"తాగొచ్చి పడ్డడని మిల్లు కాయితంల రాసినవట గదా సారూ?"

"రాసిన, అక్కా."

"ఆయన చుక్క గూడ ముట్టడు."

"నాకెరుకే. లారీ తొందరల కింది బస్తాలు గుంజమన్నది నేను. పైనుంచి దించుదామని ఆయన మొత్తుకున్నడు."

"గీ మాట నా ఒక్కదానికెందుకు? హమాలీలందరి ముంగట చెప్పు."

"చెప్తే నౌకరి పోతది."

"చెప్పకుంటే, రేపు నీ మాట మీద ఎవరు బస్తాకు చెయ్యేస్తరు?"

"చెప్త అక్కా. కాయితం గూడ మార్చి రాస్త."

"ముందుగాల లోపలికి వోయి ఆయనకు చెప్పు."

"కాళ్లు వణుకుతున్నయ్."

"ఆయనకు కాళ్లున్నట్టే తెలుస్తలేదు. ఇగో, గీ చాయ్ తాగు. తాగినంక నడిచిపో."