తూర్పుకు జరిగిన గుండు

శుక్రవారం మధ్యాహ్నం, విజయవాడలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలి ఎదుట ఆమె పాత విద్యార్థి తన గ్రాఫు కాగితం పరిచాడు.

“కృష్ణబిలం నుంచి వెలుతురే బయటికి రాదు కదా మేడమ్. గురుత్వ కణాలు మాత్రం వస్తాయని నా సిద్ధాంతమండి. అలాంటి బుల్లి బిలం ఒకటి మా ఇంటి దగ్గర భూమిలోకి దిగింది.”

“రుజువేమిటి?”

“మేడమీద గదిలో పైకప్పు నుంచి దారంతో ఇనుప గుండు వేలాడదీశానండి. రెండు నెలల్లో అది నేల మీది గుర్తు నుంచి మూడు సెంటీమీటర్లు తూర్పుకు జరిగింది.”

“కొలత శ్రద్ధగానే తీశావు. ఇంటికి తూర్పున ఏముంది?”

“ఖాళీ స్థలమండి. సెల్లార్ కోసం లోతుగా తవ్వుతున్నారు.”

“ఎప్పటి నుంచి?”

“రెండు నెలల నుంచేనండి.”

“మీ గోడలు బీటలిచ్చాయా?”

“ఇచ్చాయండి. కణాల ప్రభావమనుకుని వాటినీ కొలిచాను.”

“దారం నిటారుగానే ఉంది నాయనా. ఒరుగుతున్నది మీ ఇల్లు. కింద నల్లరేగడి ఆ గోతిలోకి జారుతోంది. ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు?”

“కింది హాల్లో ఉపవాస ప్రార్థన జరుగుతోందండి. మా ఆవిడ, ఇంకో నలభై మంది.”

“ఫోన్ చేసి అందరినీ బయటికి రమ్మను.”

“ప్రార్థన మొదలయ్యేముందే ఫోన్లన్నీ ఆపేసి బుట్టలో పెడతారండి. సాయంత్రం దాకా తీయరు.”

“అయితే పక్కింటివాళ్లకు చెయ్యి.”

“వాళ్లూ ప్రార్థనలోనే ఉన్నారండి.”