నవంబరు పువ్వు

కిటికీ పక్కన కూర్చుని ఆ పిల్ల బల్లగుడ్డ మీద పువ్వులు కుడుతోంది. తల్లి పోయాక ఆ ఇంటికి వచ్చిన పిన్ని, ఎదురుగా బట్టలు మడతపెడుతోంది.

"పిన్నీ, నువ్వు పుట్టిన నెలేది?"

"ఎందుకే, జాతకం చూస్తావా?"

"నెలకో పువ్వుందట. నాన్నది అక్టోబరు, బంతి. నాది జూలై, కలువ. ఇంట్లో అందరివీ కుడుతున్నా."

"బంతి మీ నాన్నకి సరిపోయింది. రోజురోజుకీ అలాగే గుండ్రంగా తయారవుతున్నారు."

"మాట తప్పించకు. నీ నెల చెప్పు."

"మా అమ్మకే గుర్తులేదు. బళ్ళో మేస్టారు జూన్ అని రాసేశారు."

"బళ్ళో చేరిన సగంమంది జూన్‌లోనే పుడతారులే. జూన్‌కి గులాబీ."

"ముళ్ళున్న పువ్వు నాకెందుకు? మీ అమ్మది కుట్టు, చాలు."

"అమ్మది ఎప్పుడో కుట్టేశా. దాని పక్కన చోటు ఖాళీగా ఉంది."

పిన్ని మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"పోనీ, మా ఇంటికి ఏ నెలలో వచ్చావు?"

"నవంబరులో. మూడు రోజులు నువ్వు నాతో మాట్లాడితే ఒట్టు."

"అవి మాత్రం బాగా గుర్తుంటాయి. నవంబరుకి చామంతి. ఇకనుంచి నీ పుట్టిన నెల అదే. తెలుపు కుట్టనా, పసుపా?"

పిన్ని బట్టలు పక్కకి జరిపి, పిల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

"పసుపు," అంది.

"అయితే ఆ దారం సూదిలోకి ఎక్కించివ్వు."

"కాసేపాగవే. ఇప్పుడు నాకు సూది కన్నం కనిపించడం లేదు."