సింగరు కాలు

వేదిక వెనక డ్రమ్మరూ, సౌండు చూసే అతని బావమరిదీ నిలబడి ఉన్నారు. షోకి ఇంకా పది నిమిషాలుంది.

"బయట అభిమానులు కొట్టుకు చస్తున్నారు బావా. మన మొదటి పదేళ్ల షోలే గొప్పవని కొందరు, ఇప్పటివేనని కొందరు."

"నువ్వేమంటావ్?"

"మొదటివే. అప్పుడు కళ్లు మూసుకుని వాయించేవాడివి."

"ఇప్పుడేం తగ్గిందిరా?"

"ఇప్పుడు రెప్ప వెయ్యకుండా సింగరు కాలివైపే చూస్తున్నావు. అదంతా ముప్పై ఏళ్ల స్నేహమని జనం మురిసిపోతున్నారు."

"మురవనీ."

"చెవులు మందగించి, డ్రమ్ముల హోరులో నీకు పాట వినబడట్లేదు బావా. అతని కాలు చూసి తాళం వేస్తున్నావు."

"మెల్లగా అనరా! మీ అక్క వింటే ఇవాళే మాన్పిస్తుంది."

"ఇవాళ నువ్వే మానుకో."

"ఏం?"

"అతనికి మోకాలు పట్టేసింది. కుర్చీలో కూర్చుని పాడతాడట."

"కూర్చుంటే కూర్చున్నాడు... కాలు ఆడిస్తాడా?"